ఏడో ఎక్కం నిలవని అమ్మలుకి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. "తాతయ్యా, ఏడో ఎక్కం రాత్రి తప్పు లేకుండా అప్పజెప్పాను, పొద్దున్న బళ్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తెలుగూ సైన్సూ బాగానే వస్తాయి కదా, లెక్కల్లోనే ఎందుకు మొద్దునయ్యాను?" అని అడిగావు. మొద్దువి కావు తల్లీ. ఇలాంటి ఇబ్బందికి డిస్‌కాల్కులియా అని పేరుంది. వందమందిలో ముగ్గురి నుంచి ఏడుగురి దాకా పిల్లలకు ఉంటుందని అంచనా. తెలివి తక్కువై వచ్చేది కాదు, బద్ధకం వల్ల వచ్చేదీ కాదు. నీకున్నది అదేనా అన్నది సైకాలజిస్టు పరీక్షించి చెప్పాలి. ఈలోగా చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి.

మన విశాఖ బీచ్‌రోడ్డు తలుచుకో. ఆర్కే బీచ్, లాసన్స్‌బే, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి. ఆ దారిన రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి "సాగర్‌నగర్‌కి రుషికొండ దగ్గరా, భీమిలి దగ్గరా?" అని అడిగితే టక్కున చెప్తాడు. దారి చూడకుండా స్టాపుల పేర్లు బట్టీ పట్టినవాడు వరుస అప్పజెప్తాడు గానీ దూరం చెప్పలేడు. ఒక్క పేరు జారిందంటే మళ్లీ ఆర్కే బీచ్ దగ్గర ఎక్కాల్సిందే. అంకెలు నీకు అలా పేర్లుగానే వచ్చి చేరాయి. 68 అంటే 70కి రెండడుగుల ఇవతల అని నీకు కనబడదు.

అంచేత ముందు దారి చూడాలి. దర్జీలు మెడలో వేసుకునే టేపు ఒకటి కొనిపించుకో. 100 దాకా ప్రతి పది దగ్గరా ఎర్రగీత గియ్యి. అవే నీ స్టాపులు. 8కి 5 కలపాలంటే 8 మీద వేలు పెట్టు. 10 స్టాపుకి రెండడుగులు, అయిదులో మిగిలినవి మూడు, 13 దగ్గర దిగుతావు. చాలామంది 8నే "ఒకటి" అని మొదలెట్టి 12 దగ్గర దిగిపోతారు. వేలు కదిపాకే "ఒకటి" అనాలి.

52లోంచి 38 తీసెయ్యమంటే 26 అని రాస్తుంటావా? రెండులోంచి ఎనిమిది పోదు కనక ఎనిమిదిలోంచే రెండు తీసేస్తారు. టేపు మీద 38 నుంచి బయల్దేరు: 40కి 2, 50కి 10, 52కి 2. మొత్తం 14.

రెండు వందల మూడు అంటే 2003 అని రాయడం ఇంకో తప్పు. 200 రాసి పక్కన 3 పెట్టేస్తారు. గళ్ల పుస్తకంలో గడికో అంకె రాయి. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, పది కట్టలు కలిపి వంద కట్టు. రెండు పెద్ద కట్టలూ మూడు విడిపుల్లలూ ముందు పెట్టుకుంటే, చిన్న కట్టల గడి ఖాళీ కాబట్టి అక్కడ సున్నా పడుతుంది.

ఎక్కాల్లో ముందు 2, 5, 10 పట్టు. మిగతావి వాటి మీంచే వస్తాయి. ఆరు ఏడులు కావాలంటే అయిదు ఏడులు 35కి ఇంకో ఏడు, 42. తొమ్మిది ఏడులు కావాలంటే పది ఏడులు 70లోంచి ఏడు తీసెయ్యి, 63. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ చెయ్యాలి.

ఇది అమ్మా నాన్నా కూడా చదవాలి. వేళ్ల మీద లెక్కపెడితే ఆపొద్దు. గడియారం పెట్టి ఎక్కాలు అడగొద్దు. భయం వేస్తే, లెక్క మధ్యలో అంకెని మనసులో పట్టి ఉంచే శక్తే ముందు పోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్‌కాల్కులియా ఉంది. ఈ ఇబ్బంది ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి సీబీఎస్ఈ మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇస్తుంది. మీ బోర్డు ఏమిస్తుందో బడిలో అడగండి, పదో తరగతి దాకా ఆగకండి. అది అడుక్కోవడం కాదు, బిడ్డ హక్కు.

ఈ ఆదివారం నాలుగు గవ్వలు తీసి అష్టాచెమ్మా ఆడు. గవ్వలు పడగానే లెక్కపెట్టకుండా ఎన్ని వెల్లకిలా పడ్డాయో చెప్పు. నాలుగు దాకా చాలామందికి చూపుకే తెలుస్తుంది. నీకు ఎన్నింటి దగ్గర వేలు పెట్టాల్సి వచ్చిందో రాసి పంపు.

మీ తాతయ్య