బి జోన్‌కి మామూలు ఉప్పు

మా పిన్ని పింక్ సాల్ట్ ప్యాకెట్ కొని ఫోన్ చేసింది. “ఒరే, అయోడిన్ లేని ఉప్పు వంటకి అమ్మకూడదని గవర్నమెంటు రూలేమిటిరా? మా అమ్మమ్మ కల్లుప్పు తిని ఎనభై ఏళ్ళు బతకలేదూ?”

బతికింది. కానీ ఆ ప్యాకెట్ మీద పేరున్న హిమాలయాలే గాయిటర్‌కి పుట్టిల్లు. మంచూ వానా మట్టిలోని అయోడిన్‌ని కడిగేస్తే, కొండ కింద ఊళ్ళలో గొంతులు వాచేవి, అదే గాయిటర్.

1956లో కాంగ్రా లోయలో (అప్పటికి పంజాబ్) వులిమిరి రామలింగస్వామి బృందం ఒక పరీక్ష మొదలుపెట్టింది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివినాయన. లోయని మూడు జోన్లు చేశారు. ‘ఎ’కి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ‘సి’కి పొటాషియం అయొడేట్ కలిపింది (రెండూ అయోడిన్ ఉన్న రసాయనాలే), ‘బి’కి మామూలుది.

నా మనసంతా ఈ ‘బి’ మీదే. పిల్లాడు పరీక్ష పాసైతే ఆ ఘనత ట్యూషన్ మాస్టారిదా, వాళ్ళమ్మ కట్టిన ముడుపుదా? ముడుపు మాత్రమే కట్టిన ఇల్లు పక్కనుంటే గానీ తేలదు. లోయంతా అయోడిన్ ఇచ్చి వాపులు తగ్గి ఉంటే, తిండి మెరుగైంది, నీళ్ళు మారాయి అనేవాళ్ళు. అవన్నీ ‘బి’లోనూ మారేవేగా! కొన్నేళ్ళకి ఎ, సి జోన్లలో గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది, ‘బి’లో కదల్లేదు. తెలిసి తెలిసి అక్కడి పిల్లల్ని అన్నేళ్ళు అలా వదిలేయడం మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. తర్వాత వాళ్ళకీ ఆ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది.

రెండు రసాయనాలెందుకంటే, మన ఉప్పు చెమ్మ పట్టేది, మలినాలుండేది. అందులో అయొడైడ్ ఆక్సీకరణ చెంది, అయోడిన్‌గా మారి, ఆవిరైపోతుంది. అయొడేట్ అప్పటికే ఆక్సీకరణ చెందిన రూపం కాబట్టి గోనెసంచిలోనూ నిలుస్తుంది. ఒంట్లోకి వెళ్ళాక తిరిగి అయొడైడ్ అవుతుంది. అందుకే మన దేశంలో కలిపేది అయొడేట్. ఫ్యాక్టరీలో పది లక్షలకి 30 భాగాల అయోడిన్ ఉంటే వంటింటికి కనీసం 15 మిగలాలని లెక్క. అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు, రోజుకి 10 గ్రాముల ఉప్పుకి 150. పెద్దవాళ్ళకి కావలసిందీ అంతే. డెబ్భై ఏళ్ళకి కలిపినా నాలుగు గ్రాములు దాటదు, ఒక్క చెంచాడు!

1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది, 1980లలో దేశమంతటికీ అయోడిన్ ఉప్పు అన్నారు. 2000లో కేంద్రం మామూలు ఉప్పు మీద నిషేధం ఎత్తేసింది. ఏ ఉప్పు తినాలో జనం ఇష్టమన్నారు. ‘బి’ జోన్ లెక్కని తలకిందులు చేసే పరీక్ష ఎవరైనా చేసి చూపించారా అంటే లేదు. 2005లో నిషేధం మళ్ళీ పెట్టారు.

ఇదంతా విని పిన్ని, “అయితే పింక్‌ది మామిడికాయ ముక్కల్లో నంజుకోడానికి ఉంచుతాలే,” అంది.