జార్జ్ సత్రంలో మిగిలింది ఒక్క పక్కే

ఇంగ్లండులోని హిమ్లీ దగ్గర క్రూకెడ్ హౌస్ అనే పాత పబ్బు 2023 ఆగస్టు 5న కాలిపోయి, రెండు రోజుల్లోనే నేలమట్టమైంది. తాము ఒప్పుకున్నది పై అంతస్తు ముందరి గోడలో కొన్ని భాగాలు తీసేయడానికే తప్ప కూల్చివేతకు కాదని స్థానిక మండలి చెప్పింది. ఉన్నదున్నట్టు తిరిగి కట్టాలని 2024 ఫిబ్రవరిలో అది ఆదేశించగా, యజమానులు అప్పీలుకు వెళ్ళారు. ఈ తగవు మూలం తెలియాలంటే లండన్‌లోని జార్జ్ సత్రం కథ చూడాలి.

1676 అగ్నిప్రమాదం తర్వాత మరుసటి ఏడే తిరిగి లేచిన ఈ బండ్ల సత్రం తొలి వైభవాన్ని ఇక్కడ విస్తరించనక్కరలేదు. 1836లో లండన్ బ్రిడ్జ్ దగ్గర రైలు స్టేషను వచ్చాక గుర్రపు బండ్ల బేరం పడిపోయిందని, అందుకే సత్రం చితికిందని సాధారణంగా చెబుతారు. అది సగం నిజం మాత్రమే. బేరం తగ్గినా కట్టడం నిలిచే ఉంది. దాన్ని దెబ్బతీసింది 1874 నాటి అమ్మకం.

బరో హై స్ట్రీట్ నుంచి బండి లోపలికి మళ్ళితే ముంగిలి, దాన్ని ఆనుకొని మూడు పక్కలా మేడమీద కొయ్య కటకటాల వసారాలు, ఆ వసారాల్లోకి తెరుచుకునే గదులు: ఇదీ సత్రం పొందిక. కొన్న గ్రేట్ నార్తర్న్ రైల్వేకు కావలసింది సరుకు దించుకోవడానికి జాగా. 1889లో గిడ్డంగుల కోసం రెండు పక్కలను కూల్చేయగా, దక్షిణపు పక్క ఒక్కటే మిగిలింది. పెరుగుతున్న సరుకు రవాణాకు చోటు అవసరమన్న కంపెనీ లెక్క అబద్ధం కాదు, చట్టమూ అడ్డురాలేదు. 1882 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం ప్రధానంగా ఆదిమకాలపు రాతి వలయాలు, సమాధి దిబ్బల వంటి వాటి కోసం పుట్టింది. జనం మసలే సత్రాన్ని కాపాడే నిబంధన అందులో లేదు. మిగిలిన పక్కను 1937లో ఆ రైల్వే వారసులైన లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే పాత కట్టడాలను కాపాడే సంస్థ అయిన నేషనల్ ట్రస్టుకు దానమిచ్చిందని మెచ్చుకునేవారు, తక్కిన రెండు పక్కలు ఏమయ్యాయో కూడా చెప్పాలి.

ఇప్పుడు జార్జ్ సత్రం చట్టం కాపాడే కట్టడాల జాబితాలో మొదటి శ్రేణిలో ఉంది. క్రూకెడ్ హౌస్ మాత్రం ఆ జాబితాలో లేదు. చేర్చమన్న దరఖాస్తు వెళ్ళిన కొద్ది రోజులకే అది కాలిపోయింది. జాబితాకెక్కని పాత కట్టడం భవిష్యత్తు 1889లో మాదిరిగానే నేటికీ చాలావరకు కొన్నవారి అవసరం మీదే ఆధారపడి ఉంది. తిరిగి కట్టమన్న ఉత్తర్వు నిలవడం అందుకే ముఖ్యం.