జొన్న చేలో పేనుబంకను ఎవరు తింటారు?

పిల్లలూ,

జొన్న ఆకుల వెనక లేత పసుపు రంగులో గుంపులు కట్టిన పురుగుల ఫొటో చూసి, ఇంకా మందు ఎందుకు కొట్టించలేదని అడిగారు కదా. వాటిని పేనుబంక అంటాం. సూదిలాంటి నోటితో ఆకు రసం పీలుస్తాయి. ఒంటికి పట్టిన దానికంటే ఎక్కువగా పీల్చి, మిగతా తీపి నీళ్లను వెనకనుంచి వదిలేస్తాయి. కింది ఆకులు జిగురుగా ఉండేది అందుకే. ఆ జిగురు మీద నల్లటి బూజు పెరిగి ఆకుకు ఎండ తగలనివ్వదు. తీపి కోసం చీమలు కూడా చేరి పేనుబంకకు కాపలా కాస్తాయి. కంకి గింజల్లోంచి జిగురు కారితే మాత్రం అది బంకకారు తెగులు కావచ్చు, అది బూజు జాతి తెగులు. దానికీ పేనుబంకకూ సంబంధం లేదు.

మన చేలల్లో కనిపించే పేనుబంకలో దాదాపు అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండా, గుడ్లు పెట్టకుండా, నేరుగా పిల్లల్ని కంటాయి. పుట్టిన పిల్ల వారం పది రోజుల్లో తానూ తల్లి అవుతుంది. ఇంత వేగంగా పెరిగేవి భూమినంతా కప్పేయలేదంటే వాటిని తినేవాళ్లు ఉన్నారన్నమాట.

మీకు తెలిసింది ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు. అది రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. కానీ అసలు తిండిపోతు దాని పిల్ల. నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, చిట్టి మొసలిలా ఉంటుంది. దాన్ని చూసి పురుగు పట్టిందని భయపడి నలిపేసేవాళ్లను చాలామందిని చూశాను. రైతుకు ఇంతకంటే నష్టం లేదు, ఎందుకంటే ఆ పిల్ల పెద్దదయ్యేలోపు వందల పేనుబంకను తినేస్తుంది. అన్నీ మంచివని కూడా అనుకోకండి. వంకాయ ఆకుల్ని జల్లెడ చేసే అక్షింతల పురుగు ఒకటుంది, దాని రెక్కలకు మెరుపు ఉండదు.

పూల మీద గాలిలో ఆగి నిలబడే ఈగను చూశారా? అది తేనె, పుప్పొడి తింటుంది. దాని పిల్లకు మాత్రం కాళ్లుండవు, కళ్లుండవు. తల అటూ ఇటూ ఊపుతూ తగిలిన పేనుబంకను పట్టి, పైకెత్తి పీల్చేస్తుంది. అల్లిక రెక్కల పురుగు పిల్లలకూ పేనుబంకే తిండి. దాని గుడ్లు సన్నటి దారాల చివర వేలాడుతుంటాయి. ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్డును తినకుండా, చీమలకు అందకుండా ఆ ఏర్పాటు. ఇక కంటికి ఆననంత చిన్న కందిరీగ పేనుబంక కడుపులోనే గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలినుంచి తినేస్తే పేనుబంక ఉబ్బి, గోధుమ రంగు పెంకుగా మిగులుతుంది. దానికి గుండ్రటి రంధ్రం కనబడితే కందిరీగ బయటికి వెళ్లిపోయిందని లెక్క.

చిక్కంతా టైమింగ్‌లోనే ఉంది. ముందు పేనుబంక పెరుగుతుంది, దాన్ని వెతుక్కుంటూ ఇవి తర్వాత వస్తాయి. ఆ మధ్య రోజుల్లోనే రైతుకు టెన్షన్. అప్పుడు మందు కొడితే రెండూ చస్తాయి, కానీ మిగిలిన నాలుగు పేనుబంకలు కొన్నాళ్లకే గుంపవుతాయి, తినేవి మాత్రం అంత త్వరగా తిరిగిరావు. పైగా ఆ చొప్ప మన గేదెలే తినాలి.

అలాగని ప్రతిసారీ వదిలేయమని చెప్పను. యాసంగిలో మబ్బు పట్టి, చేను నీటికి ఎండుతుంటే పేనుబంకదే పైచేయి కావచ్చు. 2013లో అమెరికాలోని టెక్సాస్‌లో జొన్నకు ఇలాంటి పేనుబంకే కొత్తగా సోకితే రైతులు చాలా నష్టపోయారు. అందుకే నేను ముందు ఆకులు తిరగేస్తాను. అక్షింతల పిల్లలు, పెంకులు బాగా కనిపిస్తే ఆగుతాను. అవేవీ లేకుండా గుంపులు పైఆకులకు పాకితే, పట్టిన చోట వరకే కొట్టిస్తాను.

వచ్చే ఏడు గట్ల మీద అలసంద కాస్త ముందుగా వేస్తాను. దానికి పట్టే నల్ల పేనుబంక జొన్నను ముట్టదు. దాన్ని తింటూ అక్షింతల పురుగులు ముందే పెరిగి జొన్నలోకి దిగుతాయి. మధ్యలో నాలుగు సాళ్లు ధనియాలు వేస్తే ఆ పూలకు ఈగలూ వస్తాయి. అలసంద కాయలు ఎలాగూ మీ నాయనమ్మ వంటింటికే.

మీ తాతయ్య