మాటలు వినకుండానే మీటింగులో పెత్తనం ఎవరిదో చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎవరి మాటకు ఎవరు అడ్డొచ్చారు, ఎవరు ఎటు చూశారు అన్నవి కొలిస్తే చాలు.

ఇవన్నీ కంప్యూటరు ప్రోగ్రాములతో కొలిచే పరిశోధనలకు పెద్ద ఆధారం 'ఏఎంఐ' (ఆగ్మెంటెడ్ మల్టీపార్టీ ఇంటరాక్షన్) రికార్డింగులు. ఎడింబరో, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్‌లలో తీసిన 100 గంటల మీటింగులివి. ఎక్కువ వాటిలో ప్రాజెక్ట్ మేనేజర్, మార్కెటింగ్ నిపుణుడు, ఇద్దరు డిజైనర్లు కలిసి ఒక రిమోట్ కంట్రోల్ తయారీ గురించి చర్చిస్తారు.

ఒక్కొక్కరికీ విడిగా మైకు పెడతారు. శబ్దాన్ని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, 10 మిల్లీసెకన్లకోసారి ముందుకు జరుపుతూ చూసి, మాట ఉందా లేదా తేలుస్తారు. మొదటి చిక్కు ఇక్కడే. గట్టి గొంతున్న మనిషి మాట పక్కవాళ్ల మైకులోనూ పడి, వాళ్లు కూడా మాట్లాడినట్టు లెక్కకొస్తుంది. అందుకే ఒక్కో మైకు శబ్ద స్థాయిని ఆ మైకు సగటుతో సరిచేసి, ఆ క్షణంలో మిగతా మైకులతో పోల్చాలి.

ఆ తర్వాత సెకను లోపు పలుకుల్ని పక్కన పెట్టాలి. లేకపోతే ఊఁ కొడుతూ కూర్చున్నవారే అందరికంటే ఎక్కువసార్లు మాట్లాడినట్టు తేలుతుంది! అడ్డురావడానికీ కచ్చితమైన నిర్వచనం కావాలి: ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు అందుకోవాలి, మొదటివారు ముందుగా ఆగిపోవాలి.

చూపు కొలవడం మరీ కష్టం. గది మొత్తం పట్టే కెమెరాలో కళ్లు చాలా చిన్నవిగా పడతాయి కాబట్టి తల తిరిగిన దిక్కునే చూపుగా తీసుకుంటారు. తల కదపకుండా ఓరగా చూస్తే దొరకదు. డొవిడియో, ఎలిసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడిన కొలత ఒకటుంది: తాను మాట్లాడేటప్పుడు ఎదుటివారిని చూసే శాతాన్ని, వినేటప్పుడు చూసే శాతంతో భాగించాలి. ఆ విలువ ఎంత పెరిగితే పెత్తనం అంత ఎక్కువ. తెరమీద స్లైడ్లు నడుస్తున్నంతసేపూ మాత్రం ఇది పనికిరాదు, అందరి తలలూ అటే ఉంటాయి.

ఇన్ని చేసినా, పెత్తనం పసిగట్టడంలో మొత్తం మాట్లాడిన సమయం అనే సాదా కొలతను దాటడం అంత తేలిక కాదు. చర్చలో ఎవరు ఏ పాత్ర పోషిస్తున్నారో కనిపెట్టడం వేరే సంగతి. సమర్థించడం, ఎదురు తిరగడం, చర్చను దారిలో పెట్టడం నిమిషనిమిషానికీ మారుతుంటాయి. పైగా ఎక్కువసేపు ఎక్కువమంది తటస్థంగానే ఉంటారు. ప్రతిసారీ 'తటస్థం' అనే ప్రోగ్రాముకూ మంచి మార్కులే పడతాయి! ప్రతి పాత్రకూ ఫలితం విడిగా అడగండి. ఒకే బృందం మీటింగులు ప్రోగ్రాముకిచ్చే శిక్షణలోనూ, దానికి పెట్టే పరీక్షలోనూ ఉంటే ప్రోగ్రాము పాత్రను కాదు, మనిషినే గుర్తుపడుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌ను తెలుగు మీటింగులకు వాడాలనుకునేవారు ఇంగ్లీషు మీటింగులకు పెట్టిన హద్దుల్ని (సెకను లోపు పలుకుల్ని వదిలేయడం, అడ్డురావడానికి ఇచ్చిన నిర్వచనం లాంటివి) ఉన్నవున్నట్టు తీసుకోకూడదు. మనలో ఎదుటివారి వాక్యాన్ని అందుకుని పూర్తిచేయడం చాలాసార్లు మద్దతే. దాన్ని అడ్డురావడంగా లెక్కేస్తే సమర్థించినవారికే ఎదిరించినవారన్న ముద్ర పడుతుంది. ముందు కొన్ని తెలుగు మీటింగుల్లో ఏది అడ్డురావడమో, ఏది మద్దతో మనుషులతో గుర్తులు వేయించి, ఆ హద్దుల్ని మళ్లీ నిర్ణయించాలి.