కేబిన్ కిందిగది: మీటర్‌గేజి నాటి సిగ్నల్ వ్యవస్థ వెనుక కథ

తిరుపతి స్టేషన్ పునర్నిర్మాణం సాగుతున్న ఈ రోజుల్లో, మీటర్‌గేజి (పట్టాల మధ్య మీటరు వెడల్పు) కాలం నాటి ఆనవాళ్లలో ఏవి ఉంచుకోవాలి, ఏవి పోనివ్వాలి అన్న మాట మా వంటి పాత రైల్వే కుటుంబాలలో తరచుగా వస్తూ ఉంటుంది. ఆవిరి ఇంజను సంగతి ఎత్తితే వద్దనేవారు ఉండరు. స్టేషన్‌లో సిగ్నళ్లను, బండి దారులను మార్చే సిగ్నల్ కేబిన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అదొక పాడుబడ్డ మేడగది, అందులో వరుసగా నిలబెట్టిన ఇనుప లివర్లు, అంతకు మించి ఏముంది అని అడిగేవారే ఎక్కువ. ఈ ప్రశ్నకు జవాబు కేబిన్ కిందిగదిలో ఉంది. అది అర్థం కావాలంటే ఈ మార్గం పుట్టిన నాటి పరిస్థితుల నుంచి మొదలుపెట్టాలి.

మద్రాసు రైల్వే కంపెనీ బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాల) మార్గం 1861లో అరక్కోణం నుంచి వాయవ్యంగా బయలుదేరి, రేణిగుంట మీదుగా సాగి, 1871లో రాయచూరు చేరింది. తిరుపతి పట్టణానికి రైలు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1891లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి, శ్రీకాళహస్తి, వెంకటగిరి మీదుగా గూడూరు వరకు మీటర్‌గేజి మార్గం నడిపింది. పాకాల నుంచి మరో మార్గం పీలేరు, మదనపల్లె వైపుగా ధర్మవరానికి వెళ్లింది. 1876–78 నాటి మహా కరువు తర్వాత, 1880లో కరువు కమిషన్ వానలు లేని సీమలకు ధాన్యం చేర్చగలిగే రైలు మార్గాలు అత్యవసరమని చెప్పింది. రాయలసీమలో ఆ తరువాతి దశాబ్దంలో పడిన పట్టాలను ఆ నేపథ్యంలోనే చూడాలి. ఖర్చు తగ్గించుకోవాలి గనుక గేజి చిన్నది, లైను ఒక్కటే. పోయే బండికీ వచ్చే బండికీ అదే లైను.

ఒంటి లైను మీద ప్రమాదం ఎలాంటిదో అంతకు ముందే ఇంగ్లండులో అనుభవమయింది. 1874 సెప్టెంబరు 10 రాత్రి నార్విచ్ సమీపంలోని థోర్ప్ దగ్గర, టెలిగ్రాఫు సందేశాల పొరపాటు వల్ల ఒకే లైను మీదికి రెండు వైపుల నుంచీ బండ్లను వదిలారు. 25 మంది చనిపోయారు. నోటి మాట మీద, తంతి మాట మీద ఆధారపడినంత కాలం ఇది తప్పదని గ్రహించి ఎడ్వర్డ్ టయర్ 1878లో ఎలక్ట్రిక్ టాబ్లెట్ యంత్రానికి పేటెంటు పొందాడు. పక్కపక్క స్టేషన్లలో ఉండే రెండు యంత్రాలు తీగతో ముడిపడి ఉంటాయి. రెంటిలో కలిపి ఎన్ని టోకెన్లు (లైను మీదికి పోవడానికి డ్రైవరుకు ఇచ్చే అనుమతి గుర్తులు) ఉన్నా, ఒకసారికి బయటికి వచ్చేది ఒక్కటే. దానిని తిరిగి ఏదో ఒక యంత్రంలో వేసేదాకా రెండోది రాదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాటను ఇంతకన్నా కచ్చితంగా అమలు చేసిన యంత్రం మరొకటి లేదని నేను నమ్ముతాను.

మన దేశంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది నీల్ పద్ధతి యంత్రం. అందులో టోకెన్ ఇనుప బంతి. పక్కనున్న సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య లైను) బంతి పొరపాటున కూడా ఈ యంత్రంలో దూరకుండా వాటి గాడులు వేరువేరుగా ఉండేవి. స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్‌కు గంట కొట్టి లైన్‌క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడిగేవాడు. రెండు గంటలు కొడితే లైను ఖాళీగా ఉన్నదా అని అడిగినట్లు, మూడు కొడితే బండి సెక్షన్‌లోకి వస్తున్నట్లు, నాలుగు కొడితే బండి దాటిపోయినట్లు. ఆరు గంటలు వినబడ్డాయంటే ప్రమాదమని అర్థం. అవతలివారు ఒప్పుకుంటేనే ఇవతలి యంత్రం బంతిని వదిలేది. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు వలయానికి కట్టి డ్రైవరుకు అందించేవారు. బండి ఆగకుండా పోయేటప్పుడు పాయింట్స్‌మాన్ ప్లాట్‌ఫారం అంచున చెయ్యెత్తి వలయం పట్టుకుని నిలబడేవాడు. ఇంజను మీది మనిషి చెయ్యి చాచి, మోచేతి దాకా దూర్చి దానిని లాక్కుంటూనే, పాత వలయాన్ని నేల మీదికి విసిరేవాడు. చీకట్లో ఆ విసిరిన వలయం ఎక్కడ పడిందో లాంతరు పట్టుకుని వెతకడం నా చిన్ననాడు నేను చూసిన పని.

టోకెన్ రెండు స్టేషన్ల మధ్య లైనుకు కాపలా. స్టేషన్ లోపల మరో చిక్కు ఉంది. పాయింటును, అంటే బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే కదిలే పట్టాలను, ఒక లైనుకు పెట్టి, సిగ్నల్ చేతిని మరో లైనుకు పొమ్మని వాల్చితే బండి నిలబడి ఉన్న మరో బండి మీదికి పోతుంది. ఈ రెంటినీ ఒకదానితో ఒకటి కట్టివేయాలన్న ఆలోచనకు జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్నాడు. దానినే ఇంటర్‌లాకింగ్ అంటారు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర విహార యాత్రకు వెళ్తున్న బండి ప్రమాదానికి గురై దాదాపు 80 మంది, వారిలో చాలామంది పిల్లలు, చనిపోయిన తర్వాత, అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల మార్గాలపై ఇంటర్‌లాకింగ్‌ను, బ్లాక్ పద్ధతిని (ఒక సెక్షన్‌లో ఒకసారికి ఒకే బండి), నిరంతర బ్రేకులను (బండి పొడవునా పనిచేసేవి) తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. తిరుపతికి తొలి బండి వచ్చింది సరిగ్గా ఆ తర్వాత రెండేళ్లకు. ఆ చట్టం మన మార్గానికి వర్తించకపోయినా, దాని వెనకనున్న విద్య మాత్రం ఇక్కడికీ వచ్చింది. చిన్న స్టేషన్లలో పాయింటుకు తాళం వేసి, ఆ తాళంచెవి తెచ్చి పెడితేనే సిగ్నల్ కదిలే పద్ధతి పెట్టేవారు. రాకపోకలు ఎక్కువైన చోట మేడగదులు కట్టి లివర్ల ఫ్రేములు బిగించారు.

మా మేనమామ ఈ వైపు ఒక జంక్షన్‌లో లివర్‌మాన్‌గా పనిచేశాడు. ఆయన కేబిన్ పైగదికి మూడు వైపులా అద్దాల కిటికీలు, మధ్యలో నడుము ఎత్తున లివర్ల వరుస, వాటి ఎదుట గోడకు యార్డు పటం. లివర్ల రంగులు నాకు పలకా బలపం కన్నా ముందే తెలుసు. ఆపే సిగ్నళ్లకు ఎరుపు, ముందున్న సిగ్నల్ సంగతి దూరం నుంచే చెప్పే వార్నర్‌కు ఆకుపచ్చ, పాయింట్లకు నలుపు, పాయింటును బిగించే లాక్‌కు నీలం, గేటుకు గోధుమరంగు, పని లేని లివరుకు తెలుపు. మామ చేతిలో ఎప్పుడూ ఒక మెత్తని గుడ్డ ఉండేది. చెమట తగిలితే మెరుగు పెట్టిన పిడి తుప్పు పడుతుందని గుడ్డతో తప్ప లివరు పట్టుకునేవాడు కాదు. ఒక కాలు ఫ్రేముకు ఆనించి, పిడి వెనకనున్న గొళ్లెం నొక్కి, నడుము బరువంతా వెనక్కి వేసి గుంజితే, ఎక్కడో కనుచూపు మేర దూరంలో సిగ్నల్ చెయ్యి కిందికి వాలేది.

ఈ పనిలో మన సీమ ఎండకు పెద్ద పాత్ర ఉంది. కేబిన్ నుంచి సిగ్నల్ స్తంభం దాకా గిలకల మీదుగా ఉక్కు తీగ పోతుంది. 700 మీటర్ల తీగ 25 డిగ్రీల వేడిమి తేడాకు దాదాపు 20 సెంటీమీటర్లు సాగుతుంది. మధ్యాహ్నం తీగ వదులై, లివరు పూర్తిగా గుంజినా చెయ్యి సగమే వాలితే, అది ఆగమన్నదో పొమ్మన్నదో డ్రైవరుకు తేలదు. తెల్లవారుజామున తీగ బిగుసుకుని, ఎవరూ గుంజకుండానే చెయ్యి కొంచెం వాలి కనిపించిందంటే అది అంతకన్నా ప్రమాదం. అందుకే తీగను బిగించడానికి, వదులు చేయడానికి కేబిన్‌లోనే సర్దుబాటు చక్రాలు ఉండేవి. పొద్దు పొడిచాక ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి, పొద్దు వాలాక మరోసారి వాటిని తిప్పడం మామ దినచర్య. పాయింట్లకు మాత్రం తీగ పనికిరాదు గనుక గట్టి కడ్డీలు వాడేవారు. కడ్డీ కూడా ఎండకు సాగుతుంది కదా అన్న సందేహానికి ఆనాటి ఇంజనీర్లు చెప్పిన పరిష్కారం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది. దారి మధ్యలో ఒక క్రాంకు (ఇరుసు మీద తిరిగే మీట) పెట్టి, సగం దూరం తోసే కడ్డీని మిగిలిన సగం లాగే కడ్డీగా మార్చారు. రెండు సగాలూ ఒకే కొలతలో సాగుతాయి గనుక ఒకదాని సాగుడు రెండోదాని సాగుడుకు సరిపోయి, పాయింటు దగ్గర తేడా పడదు.

నీలి లివరు పని మరీ సూక్ష్మమైనది. పాయింటు ముందు పట్టాను ఆనుకుని ఒక పొడవాటి లాక్ బారు ఉంటుంది. పాయింటు తాళం తీయాలంటే ఆ బారు పైకి లేవాలి. బండిలో పక్కపక్క చక్రాల మధ్య ఉండగలిగిన దూరం కన్నా బారు పొడవు ఎక్కువ. కాబట్టి బండి దాని మీద ఉన్నంతసేపు ఏదో ఒక చక్రం అంచు దానిని లేవనివ్వదు. కేబిన్‌లో మనిషి తొందరపడి లివరు గుంజినా, బండి కిందనున్న పాయింటు తిరగదు.

పైగదిలో కనిపించేదంతా చేతులు, కాళ్లు. తెలివి కిందిగదిలో ఉంటుంది. ఒకనాడు డ్యూటీ దిగాక మామ కిందిగది తలుపు తీసి లాంతరు వెలుతురులో చూపించాడు. ప్రతి లివరుకూ ఒక చదును ఇనుప పట్టీ తగిలించి ఉంది. పట్టీల అంచుల్లో అక్కడక్కడ కోసిన గాడులు, వాటి మధ్య అడ్డంగా జరిగే చిన్న లోహపు ముక్కలు. ఒక పట్టీ కదిలితే ముక్క పక్కకు జరిగి, మరో పట్టీ గాడిలో కూర్చుంటుంది. కూర్చున్నంతసేపు ఆ రెండో పట్టీ, దానితో పాటు దాని లివరు, కదలవు. ఇంటి తలుపుకు ఒక గడియ ఉంటుంది; ఇక్కడ ప్రతి గడియా మరికొన్ని గడియలను పట్టుకుని ఉంది. నల్ల లివరు సరైన వైపు లేకపోతే నీలిది రాదు, నీలిది బిగియకపోతే ఎర్రది రాదు, ఎర్రది వాలి ఉండగా నల్లది వెనక్కి పోదు. ఎదురుబొదురు బండ్లకు చెందిన రెండు ఎర్రవి కలిసి ఎన్నటికీ రావు. ‘నువ్వు ఎంత గుంజినా రాదు నాయనా, అది నీ బలం చూడదు’ అన్నాడు మామ. అదీ చాలదన్నట్లు, స్టేషన్ మాస్టరు తన గదిలోని స్లైడ్ జరిపి అనుమతి ఇస్తే తప్ప బండిని స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ లివరు కదిలేది కాదు. నిద్రమత్తులో ఉన్న మనిషి, తీర్థకాలపు రద్దీలో తడబడిన మనిషి, కొత్తగా చేరిన మనిషి, ముగ్గురినీ ఆ కిందిగది ఒకే తీరున కాపాడేది. బ్రహ్మోత్సవాల రోజుల్లో వరుసగా స్పెషల్ బండ్లు తిరిగిన ఒంటి లైను మీద ఇది చిన్న విషయం కాదు.

తరువాతి మార్పులు వేగంగా జరిగాయి. 1951 ఏప్రిల్ 14న ఈ మార్గం దక్షిణ రైల్వేలో భాగమయింది. 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేకు మారింది. 1992లో దేశమంతటా ఒకే గేజి అన్న విధానం మొదలయ్యాక విడతలవారీగా మీటర్‌గేజి పట్టాలు లేచిపోయాయి. పాకాల–ధర్మవరం మార్పిడి 2010 నాటికి ముగిసింది. చివరి సంవత్సరాలలో మామ ఫ్రేములో తెల్ల లివర్లు ఒక్కొక్కటిగా పెరుగుతూ వచ్చాయి. ఒక సైడింగు తీసేస్తే రెండు, గూడ్సు షెడ్డు మూసేస్తే మూడు. కొత్త బ్రాడ్‌గేజి మార్గానికి రంగు దీపాల సిగ్నళ్లు, కరెంటు మోటార్లతో తిరిగే పాయింట్లు, ఒకే బల్ల మీద నుంచి నడిచే ఇంటర్‌లాకింగ్ వచ్చాయి. 2023 మే నెలాఖరుకు దేశంలో 6,427 స్టేషన్లలో ఇలాంటి విద్యుత్ లేదా ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉన్నదని రైల్వే శాఖ ప్రకటించింది.

ఈ మార్పు మంచిదే. లివరు గుంజిన నడుముల నొప్పి తెలిసిన ఇంటివాడిగా దానిని కాదనలేను. అయితే కొత్త యంత్రం చేసే పని కూడా ఆ కిందిగది చేసిన పనే. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ పడి ఉండగా పాయింటు లూప్ లైనుకు (బండ్లను నిలిపే పక్క లైనుకు) మళ్లి ఉంది. బండి వెళ్లి అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే ఇందుకు దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. 1856లో మొదలైన ప్రశ్న, పాయింటు ఒకటి చెప్పి సిగ్నల్ మరొకటి చెబితే ఏమవుతుందన్నది, ఈనాటి ప్రశ్న కూడా. తీగల పెట్టెలో అది కంటికి కనబడదు. ఇనుప పట్టీల మధ్య పదేళ్ల పిల్లవాడికి కూడా కనబడుతుంది, నాకు కనబడింది.

ఈ కారణం చేతనే ఇతర దేశాలు కేబిన్లను గోడలతో సరిపెట్టకుండా యంత్రంతో సహా కాపాడుకుంటున్నాయి. ఇంగ్లండులో 2013లో ఒకేసారి 26 సిగ్నల్ బాక్సులకు (కేబిన్లకు అక్కడి పేరు) రక్షిత కట్టడాల హోదా ఇచ్చారు. ష్రూస్‌బరీలో 180 లివర్లున్న బాక్సు 1903 నుంచి ఇప్పటికీ పనిచేస్తున్నది. సెయింట్ ఆల్బన్స్‌లో 1892లో కట్టిన బాక్సు, అంటే మన తిరుపతి మార్గానికి ఒక ఏడాది చిన్నది, మూతపడిన తర్వాత స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా తిరిగి లేచి, సందర్శకుల చేత లివర్లు గుంజిస్తున్నది. మన దేశంలో 1977లో తెరిచిన ఢిల్లీ రైల్ మ్యూజియం మొదలుకొని ఇంజన్లకు, పెట్టెలకు గౌరవం దక్కింది. కేబిన్ వంతు ఇంకా రావలసి ఉంది.

పాకాలలోనో చిత్తూరులోనో ఒక్క ఫ్రేమును నిలబెట్టడానికి పెద్ద స్థలం అక్కరలేదు. పది లివర్లు, వాటి కింద గాడుల పట్టీలు, అద్దంలోంచి చూడడానికి వీలుగా ఒక దీపం, పది గజాల తీగ, దాని చివర ఒక సిగ్నల్ చెయ్యి చాలు. ఫ్రేమును విడదీయక తప్పని పక్షంలో, కిందిగదిలోని ప్రతి ముక్కకూ వరుస సంఖ్య కొట్టి, ఫొటోలు తీసి, ఏ లివరు దేనిని బంధిస్తుందో చెప్పే, గోడకు వేలాడే లాకింగ్ పట్టికతో కలిపి ఒకే పెట్టెలో దాచాలి. తుక్కు వేలంలో లివర్లు పైకి కనిపిస్తాయి గనుక వాటిని ఎవరో ఒకరు జ్ఞాపకంగా కొనుక్కుని ఉంచుకుంటారు. అరచేతిలో పట్టే ఆ లోహపు ముక్కలే టన్నుల లెక్కన తూకానికి పోతాయి.