రింగు నుంచి కొమ్మ తీసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవులు మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్లో బ్రిటన్‌లోని మీ లీడ్స్ ఇంటి హాల్లో టీవీ కింద ఉన్న సాకెట్ చూపించారు. "దీన్నుంచే వైరు లాగి గోడ అవతల గ్యారేజీలో ఇంకో సాకెట్ పెట్టొచ్చట, ఇంత సులువా తాతయ్యా?" అని అడిగారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. ముప్పై ఏళ్లు వైరింగు పని చేసినవాణ్ని, కరెంటు సంగతి సగం చెప్పి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

పెదవాల్తేరులో మన ఇంట్లో బోర్డు నుంచి బయల్దేరిన వైరు గదికి వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. మీ ఇంట్లో అలా కాదు. బోర్డులోంచి బయల్దేరి ఒక్కో సాకెట్నీ తాకుతూ ఇల్లంతా తిరిగి, మళ్లీ అదే బోర్డులో అదే ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) దగ్గరికి వచ్చేస్తుంది. దాన్నే రింగ్ మెయిన్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో రాగికి కటకటగా ఉన్న రోజుల్లో వచ్చిన పద్ధతి ఇది. ప్లగ్గులోనే ఫ్యూజు ఉండే మీ మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల ప్లగ్గు కూడా 1947 నాటిదే.

మనం స్కూటర్ మీద భీమిలి వెళ్లొచ్చిన ఆదివారం గుర్తుందా? వెళ్లేటప్పుడు రుషికొండ మీదుగా బీచ్ రోడ్డు, వచ్చేటప్పుడు ఆనందపురం మీదుగా హైవే. భీమిలి చేరడానికి రెండు దారులున్నాయి కాబట్టి జనం రెండు వైపులా పంచుకుంటారు. రింగులో కరెంటూ అంతే. మీ రింగులో సాధారణంగా వాడేది 2.5 వైరు (అంటే తీగ మందం 2.5 చదరపు మిల్లీమీటర్లు), దాన్ని కాసే ఎంసీబీ 32 ఆంపియర్లది. ఒంటరి 2.5 వైరు 32 ఆంపియర్లు మోయాలంటే కష్టం. రెండు దారుల్లో పంచుకోవడం వల్లే అది నిభాయించుకొస్తోంది.

మీరు తీద్దామంటున్న కొమ్మ, అంటే స్పర్, బీచ్ రోడ్డు నుంచి మంగమారిపేటలోకి దిగే సందు లాంటిది. వెళ్లాలన్నా రావాలన్నా ఆ ఒక్క దారే. అందుకే రింగు మీదున్న సాకెట్ నుంచి ఫ్యూజు లేకుండా తీసే కొమ్మకి ఒక్క సాకెట్టే పెట్టాలి. సింగిల్ అయినా డబుల్ అయినా సరే. ముందుగా తెలుసుకోవాల్సింది హాల్లోని ఆ సాకెట్ నిజంగా రింగు మీద ఉందా, లేక అదే ఒక కొమ్మా అని. కొమ్మ మీద కొమ్మ తీశారా, ప్రమాదం అక్కడ మొదలవుతుంది. 3 కిలోవాట్ల హీటర్ ఒక్కటే 13 ఆంపియర్లు లాగుతుంది. ఒకే కొమ్మ మీద అలాంటివి రెండు నడిస్తే 26. ఎంసీబీ 32 వరకు ఊరుకుంటుంది, అది పడదు. వైరు మాత్రం వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. చలిదేశపు గోడల్లో ఉన్ని లాంటిది కూరుతారు కదా, ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

గ్యారేజీలో రెండు మూడు సాకెట్లు తప్పదనుకుంటే, కొమ్మ మొదట్లోనే 13 ఆంపియర్ల ఫ్యూజు పెట్టె బిగించమనండి. ఆ తర్వాత ఎన్ని సాకెట్లు పెట్టినా అన్నీ కలిపి 13 దాటవు. దాటితే ఫ్యూజే పోతుంది. నన్నడిగితే మీకు ఇదే మంచిది.

ఇది పుస్తకం చూసి చెప్తున్న మాట కాదు. చాలా ఏళ్ల క్రితం బీచ్ దగ్గర ఒక ఇంటివాళ్లు కాలిన వాసన వస్తోందని పిలిచారు. ఫ్యాన్లూ లైట్లూ ఉన్న 1.5 వైరులోంచి ఎవరో గీజర్‌కి కొమ్మ తీశారు. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని, వైరు మార్చకుండా ఎంసీబీనే మార్చి 32 పెట్టేశారు. స్విచ్‌బోర్డు మూత విప్పితే వైరు తొడుగు కరిగి జీడిలా సాగింది. సముద్రపు ఉప్పుగాలికి స్క్రూ దగ్గర రాగి పచ్చగా చిలుమెక్కి, జాయింటు వదులై ఉంది. వేలితో తాకితే తీగ పుటుక్కున విరిగింది. పక్క గదిలో పసిపాప నిద్రపోతోంది. ఆ రోజు నా చేతులు వణికాయి.

రింగులో ఇంకో చిక్కు ఉంది. ఎక్కడైనా వైరు తెగినా సాకెట్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి, ఎవరికీ తెలీదు. కానీ అప్పటికి అది రింగు కాదు, రెండు ఒంటరి తోకలు. అందుకే కొమ్మ తీసే ముందు రింగు తెగలేదని మీటరు పెట్టి చూడాలి.

మీరెవరూ స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్నే పిలవమని నాన్నతో చెప్పండి. నాన్నకి మన ఊరి రంగులే అలవాటు. ఇక్కడ త్రీఫేజు ఇళ్లలో బ్లూ వైరంటే ఒక ఫేజు, అక్కడ బ్లూ అంటే న్యూట్రల్. పాత ఇళ్లలో ఎరుపు, నలుపు కూడా ఉంటాయి. రంగు చూసి ధైర్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఎంసీబీ దించాక కూడా మంచి ఎలక్ట్రీషియన్ తన టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి చూస్తాడు, తర్వాత ఈ వైరు మీద, చివర్లో మళ్లీ కరెంటున్న చోట. టెస్టరే పాడైపోయి ఉంటే మరి?

ఆయన బోర్డు దగ్గర రింగు రెండు కొసలూ విప్పి మీటరు పెట్టేటప్పుడు కాస్త దూరంగా నిలబడి చూడండి. లైను, న్యూట్రల్, ఎర్తు మూడింటి నిరోధం (రెసిస్టెన్స్) రీడింగులూ కాగితం మీద రాసి నాకు ఫోటో పంపండి. మొదటి రెండూ దాదాపు సమానంగా రావాలి. ఎర్తుది ఒకటిన్నర రెట్లు దాటి వచ్చిందని కంగారుపడకండి. అక్కడి 2.5 కేబుల్లో ఎర్తు తీగ మామూలుగా 1.5దే ఉంటుంది, సన్న తీగకి నిరోధం ఎక్కువ.

మీ తాతయ్య