తక్కువ చూపించే కాటా

గుంటూరు అరండల్‌పేటలో మా వీధి చివర మొన్న రాత్రి ఒక పార్టీ ఫ్లెక్సీ ఎవరో చింపారు. తెల్లారేసరికి అవతలి పార్టీ ఫ్లెక్సీ చిరిగింది. దాంతోపాటు ఆ పార్టీ జెండా కట్టిన ఆటో అద్దం పగిలింది. మధ్యాహ్నానికి ఇద్దరు కుర్రాళ్ళ తలలకు కుట్లు పడ్డాయి. సాయంత్రం నా దగ్గర ఫిజిక్స్ చెప్పించుకునే డిగ్రీ కుర్రాడొకడు వచ్చి కూర్చున్నాడు. వాడి అభిమానం ఏ వైపో వీధిలో అందరికీ తెలుసు. టీవీలో వాళ్ళ నాయకుడు అన్న మాటే వాడూ అన్నాడు.

“చర్యకు ప్రతిచర్య తప్పదు కదా సార్. న్యూటనే చెప్పాడు. వాళ్ళు ఎంత కొట్టారో మనమూ అంతే కొడితే లెక్క సరిపోతుంది. ఎక్కువ వద్దు, అంతకు అంతే.”

వాడికి ఆ సాయంత్రం సగం జవాబే చెప్పగలిగాను. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు న్యూటన్ సంగతి. గోడను చేత్తో నెడితే గోడ కూడా చేతిని నెడుతుంది. రేపు పొద్దున కాదు, ఆ క్షణంలోనే. నీ చెయ్యి ఎంత నెట్టిందో సరిగ్గా అంతే నెడుతుంది. గోడకు కోపం లేదు, లెక్క వేసుకోదు, నీ మీద కోపంతో పక్కింటివాణ్ణి నెట్టదు. పగ అలా ఉండదు. మర్నాడు తీరుతుంది, మనిషి మెదడు కొలిచిన కొలతతో తీరుతుంది, చాలాసార్లు సంబంధం లేని పల్లెవెలుగు బస్సు మీద తీరుతుంది. ఈ గందరగోళంలో మా పంతుళ్ళ తప్పు కూడా ఉంది. ‘చర్య’, ‘ప్రతిచర్య’ అని పేర్లు పెట్టి, ముందు ఒకటి జరుగుతుంది, తర్వాత రెండోది వస్తుంది అన్నట్టు పాఠం చెప్పేశాం. ఆ రెండు బలాల్లో ముందూ వెనకా లేవు. ఏది చర్య, ఏది ప్రతిచర్య అన్నది మనం పెట్టుకున్న పేరే. ఇది తొమ్మిదో తరగతిలో గట్టిగా చెప్పి ఉంటే, వీధి కొట్లాటకు న్యూటన్‌ను సాక్షిగా పిలిచేవాళ్ళు కొంతైనా తగ్గేవారు.

వాడి ప్రశ్నలో అసలు పట్టు ‘అంతకు అంతే’ అన్న చోట ఉంది. అంతకు అంతే ఇవ్వడం మనిషికి చేతనవుతుందా? దీన్ని నిజంగానే కొలిచి చూశారు. 2003లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో షెర్గిల్, బేస్, ఫ్రిత్, వోల్పర్ట్ అనే నలుగురు చేసిన ప్రయోగం ఇది. నాకు చాలా ఇష్టమైన ప్రయోగాల్లో ఒకటి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరి వేలు మీద రెండోవారు చిన్న పరికరం ద్వారా నొక్కాలి, తర్వాత వంతు మారాలి. ఇద్దరికీ చెప్పింది ఒకటే: ‘నీ వేలు మీద ఎంత బలం పడిందో అంతే బలంతో తిరిగి నొక్కు’. అవతలివారికి ఏం చెప్పారో ఇవతలివారికి తెలియదు. కోపం లేదు, పార్టీ లేదు, కులం లేదు, మధ్యలో పాత కక్షలు లేవు. అయినా ప్రతి జంటలోనూ బలం పెరుగుతూ పోయింది. ప్రతి వంతుకూ సగటున 38 శాతం.

ఈ 38 శాతాన్ని కాస్త లెక్కగట్టి చూడండి. చక్రవడ్డీ లాంటిది. రెండు వంతులకు దాదాపు రెట్టింపు. అయిదు వంతులకు అయిదు రెట్లు. ఎనిమిదో వంతుకు 13 రెట్లు. ఇద్దరూ నిజాయితీగా ‘అంతకు అంతే’ ఇస్తున్నామనే నమ్ముతూ అక్కడిదాకా వెళ్ళిపోతారు.

కారణం మన చిన్నమెదడు చేసే ఒక పని. చేతికి ‘నొక్కు’ అని ఆజ్ఞ వెళ్ళేటప్పుడు, ఆ ఆజ్ఞ నకలు ఒకటి మెదడు లోపలే దాఖలవుతుంది. ఆ నకలు చూసి, వేలికి ఇప్పుడు ఏం తెలియబోతోందో మెదడు ముందే అంచనా కడుతుంది. స్పర్శ వచ్చాక ఆ అంచనా మేరకు అందులోంచి తీసేస్తుంది. మిగిలిందే మనకు తెలుస్తుంది. అందుకే మన చేత్తో మనకు చక్కిలిగింతలు పెట్టుకోలేం. ఇదీ కొలిచారు. మనం కదిపిన కదలికనే ఒక రోబో చేత మన అరచేతి మీద గీయించి, మధ్యలో 100, 200, 300 మిల్లీసెకన్ల ఆలస్యం పెడుతూ పోయారు. ఆలస్యం పెరిగేకొద్దీ చక్కిలిగింత పెరిగింది. రోబో కదిలే దిశను 30, 60, 90 డిగ్రీలు పక్కకు తిప్పినా అంతే. అంచనాకూ వచ్చిన స్పర్శకూ పొంతన చెడేకొద్దీ మెదడు చేసే కోత తగ్గుతుందన్నమాట. ఈ కోత వల్ల మనకు లాభమే. నడిచేటప్పుడు మన అడుగుల తాకిడి, మన బట్టల రాపిడి అంతా సమానంగా తెలుస్తూ ఉంటే, వెనకనుంచి పాకే జెర్రి స్పర్శ అందులో కలిసిపోతుంది. మనది తగ్గించి, బయటిది ఉన్నదున్నట్టు వినిపించడం ప్రాణం కాపాడే ఏర్పాటు.

గుంటూరు వాళ్ళకు ఇది మిర్చి యార్డు భాషలో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. మన తలలో ఉన్న కాటా మీద ఎదుటివాడు తెచ్చిన టిక్కీ (మిర్చి బస్తా) పెడితే సరైన తూకం చూపిస్తుంది. మనం తెచ్చిన టిక్కీ పెడితే 100 కిలోలకు సుమారు 72 కిలోలే చూపిస్తుంది. కాటా మోసం చేస్తోందని మనకు తెలియదు. ముల్లు 100 దగ్గరికి వచ్చేదాకా ఇంకా ఇంకా సరుకు పోస్తాం. పోసింది 138 కిలోలు అవుతుంది. అదే కాటా అవతలివాడి తలలోనూ ఉంది. వాడికి మన 138 కిలోలూ పూర్తిగా తెలుస్తాయి, వాడు తిరిగి ఇవ్వాల్సింది అక్కణ్ణుంచి మొదలుపెడతాడు.

ఈ లెక్కను తిరగేసి చూడండి, నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట అక్కడుంది. మన తలలో ముల్లు 72 దగ్గర ఉన్నప్పుడు మనం ఇచ్చింది సరిగ్గా 100. అంటే సమానంగా ఇచ్చినప్పుడు మనకు తక్కువ ఇచ్చినట్టే ఉంటుంది. ‘వదిలేశాం’, ‘తగ్గాం’, ‘చేతకానివాళ్ళమయ్యాం’ అనిపిస్తుంది. గొడవ సద్దుమణగాలంటే ఆ సమానం కంటే ఇంకా తగ్గాలి. సగమే ఇచ్చానని మనకు అనిపించేలా ఇస్తే, నిజంగా ఇచ్చింది 69 శాతం. అవతలివాళ్ళూ అదే పాటిస్తే అయిదు వంతులు తిరిగేసరికి ఆ గొడవ మొదటి దాంట్లో ఆరింట ఒక భాగం కంటే కిందకు దిగుతుంది. ఓర్చుకున్నవాడికి ఓడిపోయినట్టు అనిపించడం కాటాలో ఉన్న తేడా వల్లే, వాడి మగతనంలో లోటు వల్ల కాదు. మా కుర్రాడికి ఆ సాయంత్రం ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్పలేకపోయాను.

వేలు వేరు, ఊరు వేరు అంటారా? నిజమే. చిన్నమెదడు చేసే ఈ కోతే కత్తులకూ కర్రలకూ దారితీస్తోందని ఎవరూ నిరూపించలేదు, నేనూ అనను. కానీ మనుషులు తమ తప్పుల్ని, ఎదుటివాళ్ళ తప్పుల్ని ఎలా చెప్పుకుంటారో చూస్తే ఇదే వాలు కనిపిస్తుంది. 1990లో మనస్తత్వ శాస్త్రవేత్త బామైస్టర్, ఆయన సహచరులు జనం చేత రెండు కథలు రాయించారు: తమకు కోపం తెప్పించిన ఘటన ఒకటి, తాము ఇంకొకరికి కోపం తెప్పించిన ఘటన ఒకటి. బాధపడ్డ కథలో గాయం పాతదైనా ఇంకా పచ్చిగానే ఉంది, చేసినవాడికి కారణమే లేదు. బాధపెట్టిన కథలో అదే మనిషి కారణాలు చూపిస్తాడు, అప్పుడే అయిపోయిందంటాడు. మన టీవీ చర్చల్లో రోజూ వినే వాక్యం గుర్తు తెచ్చుకోండి: “దాడిని ఖండిస్తున్నాం, కానీ వాళ్ళు రెచ్చగొట్టారు.” ఆ ‘కానీ’ దగ్గరే ముల్లు 72కు పడిపోతుంది. ఖండన నిజంగా ఖండన కావాలంటే వాక్యం ‘ఖండిస్తున్నాం’ దగ్గర ఆగిపోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. ఎదుటి పక్షం హింసను ఎంతగా సమర్థిస్తోందో ఊహించమని అమెరికాలో రెండు పార్టీల వాళ్ళనూ అడిగారు. ఇద్దరి ఊహా అసలు సంఖ్య కంటే కొన్ని రెట్లు ఎక్కువగా వచ్చింది. అసలు సంఖ్య చెప్పగానే, హింసకు తమ సొంత మద్దతు కూడా తగ్గింది. ఆ ఫలితం దాదాపు నెలపాటు నిలిచింది. 2022లో వచ్చిన పరిశోధన ఇది. మన దగ్గరా ఒక పార్టీకి ఓటేసిన లక్షల మందిలో రాయి పట్టేవాళ్ళు పిడికెడు. ఆ పిడికెడు వీడియోయే రోజంతా ఫోన్లలో తిరుగుతుంది, తక్కిన లక్షల మంది అన్నం తిని పడుకున్న సంగతికి వీడియో ఉండదు.

ఇక్కడ ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. ‘ఉప్పూ కారం తినే ఒళ్ళు ఊరుకుంటుందా’ అంటారు, గుంటూరు వాళ్ళ గురించైతే ఇంకాస్త గట్టిగా అంటారు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే వేడిని పసిగట్టే ద్వారం లాంటి దాన్ని, తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకునేది అదే. అందుకే కారం ‘మండుతుంది’. దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకానికి మండటం తెలుసు, పార్టీలు తెలియవు. గోంగూర పచ్చడి రెండు పూటలా తిని జీవితంలో ఒక్క చెంపదెబ్బ కొట్టని మనుషుల మధ్యే నేను పెరిగాను. ఊరి నీళ్ళ మీద, తిండి మీద నెట్టేస్తే నేర్చుకోవాల్సింది ఏమీ మిగలదు.

ప్రయోగంలో నేను ఇంకా చెప్పని భాగం ఒకటుంది. వేలితో నేరుగా నొక్కే బదులు, ఒక జాయ్‌స్టిక్ కదిపితే మోటారు నొక్కేలా ఏర్పాటు చేసి, తమ వేలి మీద పడిన బలాన్ని దాంతో తిరిగి ఇవ్వమన్నారు. అప్పుడు మనుషులు ఇంచుమించు సరిగ్గా అంతకు అంతే ఇవ్వగలిగారు. మనిషి అదే, మెదడు అదే. చేతికీ దెబ్బకీ మధ్య ఇంకో యంత్రం వచ్చిందంతే. నాకు ఇది చదివిన రోజు పోలీస్ స్టేషనూ కోర్టూ గుర్తొచ్చాయి. ఫిర్యాదు రాయడం, ఎఫ్ఐఆర్ కట్టించడం, సాక్ష్యం చెప్పడం అంటే మన దెబ్బను మన చేత్తో కొలవకుండా ఉండటం. సంబంధం లేని జడ్జి కాటాలో మన టిక్కీకీ వాళ్ళ టిక్కీకీ ఒకే తూకం. అయితే ఆ జాయ్‌స్టిక్ పనిచేయాలి. కేసు కట్టనిచోట, పదేళ్ళు నానబెట్టినచోట, అధికారంలో ఉన్న పార్టీని బట్టి కదిలేచోట జనం దాన్ని వదిలేసి మళ్ళీ చేతికే వస్తారు. శాంతంగా ఉండమని కుర్రాళ్ళకు చెప్పే పెద్దలు ఈ సంగతి గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి.

కాటా చెడితే ఏమవుతుందో మా తరం కళ్ళారా చూసింది. 1988 డిసెంబరు 26న విజయవాడలో, నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను హత్య చేశారు. ఘోరమైన నేరం. ఆ వెంటనే నగరం మండింది, మంటలు కోస్తా జిల్లాలకు పాకాయి, కర్ఫ్యూ పెట్టారు. కాలిన దుకాణాల వాళ్ళలో ఆ హత్యతో ఏ సంబంధమూ లేనివాళ్ళు ఎందరో. వాళ్ళ నష్టం ఎవరి లెక్కలో వేయాలి?

దీనికి ఎదురుగా ఇదే గుంటూరు సీమలో ఇంకో జ్ఞాపకం ఉంది. 1921-22లో పెదనందిపాడు ప్రాంతంలో రైతులు శిస్తు కట్టం అన్నారు. ప్రభుత్వం జప్తులకు దిగింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శాంతిసేన అని వాలంటీర్లను తయారుచేసి, తమ మనుషులు చెయ్యి ఎత్తకుండా తామే కాపలా కాశారు. నన్ను కదిలించేది ఆ తయారీ. ఓర్పు దానంతట అది వస్తుందని వాళ్ళు అనుకోలేదు, కవాతులా నేర్పారు. ఆ 1922 ఫిబ్రవరిలోనే చౌరీచౌరాలో జనం ఠాణాకు నిప్పు పెట్టి 22 మంది పోలీసుల్ని చంపితే, గాంధీ దేశమంతటా సహాయనిరాకరణ ఆపేశాడు. జైల్లో ఉన్న నెహ్రూతో సహా ఎందరో కుంగిపోయారు. ఆ ముల్లు వాళ్ళకూ తక్కువే చూపించి ఉంటుంది.

మర్నాడు మా కుర్రాణ్ణి, వాడికి అవతలి పార్టీ అభిమాని అయిన వాడి స్నేహితుణ్ణీ ఇంటికి పిలిచాను. మా ఆవిడ పిండి తూచుకునే డిజిటల్ కాటా బల్ల మీద పెట్టాను. ఒకడు వేలు కాటా మీద ఆనిస్తే రెండోవాడు పైనుంచి నొక్కాలి, తర్వాత వంతు మారాలి. అంకె నాకు తప్ప ఎవరికీ కనపడకుండా అట్ట అడ్డం పెట్టాను. 200 గ్రాముల దగ్గర మొదలైంది. ఎనిమిదో వంతుకు కిలో దాటింది. “వాడే పెంచాడు సార్” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

అట్ట తీసేసి, అంకె ఇద్దరికీ కనిపించేలా తిప్పి మళ్ళీ నొక్కమన్నాను. వేళ్ళు వణికాయి, 190 అయింది, 210 అయింది, మళ్ళీ 200కు వచ్చింది. ఇద్దరి కళ్ళూ అంకె మీదే ఉన్నాయి. చీకటి పడేదాకా అలాగే ఆడారు.